సున్నా వచ్చిన సైటుకే బహుమతి ఇవ్వాలా?

ప్రశ్న: మాది జగిత్యాల. హైదరాబాద్‌లో ఒక నిర్మాణ సంస్థలో సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నాను. మాకు రెండు సైట్లున్నాయి. మొదటి సైటులో 400 మంది, రోజుకు 9 గంటల పని. పోయిన ఏడాది అక్కడ నలుగురు దెబ్బలు తగిలి మర్నాడు పనికి రాలేకపోయారు. రెండో సైటులో 150 మంది, 10 గంటల పని. ఏడాదంతా ఒక్క ప్రమాదమూ లేదని రిజిస్టరులో ఉంది. ఆ సైటు వాళ్లకు బహుమతి ఇస్తామని మా ఎండీ గారు అంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. ఇంకోటి: మొదటి సైటుకు మన పద్ధతిలో లెక్కేస్తే ప్రమాదాల రేటు 3.56 వస్తోంది, అమెరికా క్లయింటు పంపిన ఫారంలో వేస్తే 0.71 వస్తోంది. ఏది సరైనది? మా అన్న దోహాలో సెంట్రింగ్ పని చేస్తాడు. అక్కడ ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కట్టడాల్లో ముగ్గురే పోయారని కొందరు, 6,500 మంది పోయారని కొందరు అంటారు. ఇంత తేడా ఎలా వస్తుంది?
– ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీకు మనసొప్పకపోవడంలో న్యాయం ఉంది. దాని సంగతి చెప్పేముందు తేలికైన ముడి ఒకటి విప్పేద్దాం.

400 మంది, రోజుకు 9 గంటలు, నెలకు 26 రోజులు, 12 నెలలు. మొత్తం 11,23,200 పని గంటలు. మన ఐఎస్ 3786 ప్రమాణం ప్రకారం దెబ్బల సంఖ్యను పది లక్షలతో హెచ్చవేసి పని గంటలతో భాగిస్తాం. నాలుగు దెబ్బలకు 3.56 వచ్చింది. అమెరికా వాళ్లు పది లక్షలకు బదులు రెండు లక్షలతో హెచ్చవేస్తారు. వంద మంది వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 50 వారాలు పనిచేస్తే అయ్యేది రెండు లక్షల గంటలు, ఆ అంకె అక్కణ్ణుంచి వచ్చింది. కాబట్టి మీ 3.56 కిలో ధర, 0.71 రెండు వందల గ్రాముల ధర. సరుకు ఒకటే. రెండూ సరైనవే, పక్కన ఏ తూకమో రాయాలి, అంతే. 0.71 చిన్నగా కనిపిస్తోందని దాన్ని పక్క కంపెనీ వాళ్ల 3.0 పక్కన పెట్టి చూపిస్తే అది మోసం.

అయితే ఆ ఫారం అసలు ఏం అడుగుతోందో ఇంకోసారి చదవండి. అమెరికా ఫారాలు చాలావరకు "రికార్డబుల్" కేసులు అడుగుతాయి. అందులో మర్నాడు రాలేకపోయిన వాళ్లే కాదు, ప్రథమ చికిత్సకు మించి వైద్యం చేయించుకున్నవాళ్లు, దెబ్బ వల్ల మామూలు పని మాన్పించి తేలిక పనికి మార్చినవాళ్లు కూడా వస్తారు. మీరు నలుగురినే లెక్కలో వేశారంటే ఆ 0.71 తప్పే అయ్యుండాలి. 400 మంది ఏడాది పొడుగునా పనిచేసిన చోట కుట్లు పడ్డవాళ్లు ఒక్కరూ లేకుండా ఉంటారా?

ఈ "తేలిక పని" దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఇరవై ఏళ్ల పైమాట. ఒక ఫ్లైఓవర్ సైటులో మీ ఉద్యోగమే చేసేవాణ్ణి. కంబి పని చేసే పాలమూరు కుర్రాడొకడు పైనుంచి జారి పడ్డాడు. కాలు విరిగింది. రాత్రికి రాత్రి సిమెంటు కట్టు వేయించారు. తెల్లారి ఏడింటికి లేబర్ క్యాంపుకు జీపు పంపి అతన్ని తీసుకొచ్చి, స్టోర్లో కుర్చీ వేసి, కాలు ఒక సిమెంటు బస్తా మీద పెట్టించి, బోల్టులు లెక్కపెట్టమన్నారు. మస్టర్లో హాజరు పడింది. హాజరు పడింది కాబట్టి పని దినం పోలేదు. పని దినం పోలేదు కాబట్టి అది లాస్ట్ టైమ్ ఇంజ్యురీ కాదు. నెలాఖరు రిపోర్టులో సున్నా అని రాసి సంతకం పెట్టింది నేనే. ఆ నెల సైటు మొత్తానికి స్వీట్లు పంచారు. స్టోర్లో ఉన్న ఆ కుర్రాడికీ ఒక పెట్టె ఇచ్చారు. అతని మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ ఉత్తరంలో బహుమతి మాట చూడగానే మొదట గుర్తొచ్చింది అదే.

మీ రెండో సైటు సున్నా కూడా అలాంటిదేనని నేను అనడం లేదు. నిజంగానే ఎవరికీ ఏమీ కాలేదనుకుందాం. అప్పుడైనా అది మొదటి సైటుకన్నా సురక్షితమని తేలిందా? లెక్క వేసి చూడండి. 150 మంది, 10 గంటలు, అవే 26 రోజులు, 12 నెలలు: 4,68,000 గంటలు. రెండు సైట్లూ సమానంగా ప్రమాదకరమే అనుకుంటే, అంటే రెండింటి అసలు రేటూ 3.56 అయితే, రెండో సైటులో ఏడాదికి సగటున 1.67 దెబ్బలు తగలాలి. సగటు అంత ఉన్నా ఒక్క దెబ్బా తగలకుండా ఏడాది గడిచిపోయే అవకాశం సుమారు 19 శాతం. దాదాపు ఐదేళ్లకో ఏడాది ఊరికే అదృష్టం కొద్దీ సున్నా వస్తుందన్నమాట. మృగశిర కార్తెలో నాలుగు రోజులు చినుకు పడకపోతే ఆ ఏడు వానలే లేవని ఏ రైతూ అనడు.

సున్నా వచ్చినప్పుడు వాడే చిన్న సూత్రం ఒకటుంది. పని గంటలను పది లక్షల్లోకి మార్చి, 3ను దానితో భాగించండి. 3ని 0.468తో భాగిస్తే 6.4. ఆ సైటు అసలు రేటు సున్నా నుంచి 6.4 దాకా ఎంతైనా ఉండొచ్చు, మీ రికార్డు అంతకుమించి చెప్పలేదు. మొదటి సైటులో వచ్చిన నాలుగుకు ఆ హద్దులు దాదాపు 1 నుంచి 9 దాకా ఉంటాయి. రెండు హద్దులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఈ ఒక్క ఏడాది అంకెలతో ఏది మేలైన సైటో ఎవరూ చెప్పలేరు. ఎండీ గారు లెక్క అడిగితే ఈ పేరా చూపించండి.

చిన్న సైట్ల సంగతే కాదు. ఇరవై లక్షల మందికి పైగా పనిచేసే బ్రిటన్ నిర్మాణరంగంలో 2023-24లో 51 మంది ప్రమాదాల్లో చనిపోయారు. మరుసటి ఏడాది 35 మంది. ఒక్క ఏడాదిలో అక్కడ పని తీరు అంత మారిపోయిందా? అంకె చిన్నదైనప్పుడు ఊగిసలాట సహజం. అందుకే అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఏటి అంకె పక్కనే ఐదేళ్ల సగటు కూడా చూపిస్తుంది. మీరు కనీసం మూడేళ్లు కలిపి చూడండి.

ఇక లవం, హారం. మన గొడవలన్నీ ఆ గీత పైన ఎవరున్నారు, కింద ఎవరున్నారు అన్న దగ్గరే. కంపెనీ మస్టర్లో ఉన్నవాళ్ల దెబ్బలే పైన రాసి, లేబర్ కాంట్రాక్టర్ల మనుషుల గంటలన్నీ కింద కలిపేస్తే రేటు దానంతటదే పడిపోతుంది. హెడ్డాఫీసులో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ల గంటలు కలిపినా అంతే. దీనికి తిరగబడ్డ తప్పు కూడా చూశాను. మనుషులు ఓటీతో 12 గంటలు చేస్తున్నా కాగితం మీద 9 వేస్తారు. అప్పుడు హారం తగ్గి, నిజాయితీగా దెబ్బలు రాసిన సైటే చెడ్డదిగా కనిపిస్తుంది. మీ 9 గంటలు, 10 గంటలు మస్టర్లోవా, గేటు రిజిస్టరులోవా? మేస్త్రీల చేతి పుస్తకాలు తెప్పించి చూడండి. వాళ్లకు డబ్బులు వచ్చేది ఆ పుస్తకం మీదే కాబట్టి అందులో గంటలు సరిగ్గా ఉంటాయి.

అడ్డా మీద నుంచి ఒక్క రోజుకు తెచ్చుకున్న కూలీ లవంలోనూ ఉండడు, హారంలోనూ ఉండడు. దెబ్బ తగిలితే ఆటోకు డబ్బులిచ్చి పంపేస్తారు. కొత్త చోట మొదటి నెలలోనే దెబ్బలు తగిలే అవకాశం ఎక్కువన్నది చాలా దేశాల అధ్యయనాల్లో తేలిన విషయం. ఎక్కువ ముప్పులో ఉన్న మనిషే లెక్కలో లేకుండా పోతున్నాడు.

దెబ్బలు దాచారో లేదో తెలుసుకోవడానికి రిజిస్టరు వదిలేసి మిగతా కాగితాలు చూడాలి. ముందు పెట్టీ క్యాష్ ఓచర్లు. "వైద్య ఖర్చు", "ఆటో", "మందులు" అని అందులో కనిపిస్తాయి. అకౌంట్స్ వాళ్లు సేఫ్టీ రిపోర్టు చదవరు కాబట్టి ఓచర్లలో అబద్ధం రాయాలని ఎవరికీ తోచదు. తర్వాత సైటు బండి లాగ్‌బుక్కులో ఆసుపత్రికి వెళ్లిన ట్రిప్పులు, ఈఎస్ఐ కాగితాలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెకు కొన్న దూది, బ్యాండేజీల బిల్లులు. ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరులో ఏడాదికి ఐదారు పేర్లే ఉండి, బ్యాండేజీలు మాత్రం డబ్బాలకు డబ్బాలు కొన్నారంటే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే.

ఏది దెబ్బ అన్నది కూడా ఊరికో రకం. ఒక కుర్రాడికి చీలమండ బెణికి ఐదు రోజులు సెలవు పెట్టాడనుకోండి. ఐఎస్ 3786 ప్రకారం దెబ్బ తగిలిన షిఫ్టు దాటి పనికి రాలేకపోతే చాలు, లెక్కలోకి వస్తుంది. మన 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 48 గంటలు పనికి దూరమైతే అధికారులకు తెలియజేయాలంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ కూడా ఆ 48 గంటలనే ఉంచింది. (కొత్త కోడ్‌లో భవన నిర్మాణానికి 250 మంది, అంతకుమించి ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి, పాత చట్టంలో అది 500.) యూరోపియన్ యూనియన్ లెక్కల్లో మూడు రోజులకు మించి పనికి రాకపోతే ప్రమాదం కింద రాస్తారు. బ్రిటన్‌లో 2012 ఏప్రిల్ దాకా మూడు రోజులకు మించితే ప్రభుత్వానికి తెలియజేసేవారు, ఇప్పుడు ఏడు రోజులకు మించాలి. అంటే మన కుర్రాడి ఐదు రోజుల బెణుకు ఇక్కడ లెక్క, ఫ్రాన్స్‌లో లెక్క, బ్రిటన్‌లో ప్రభుత్వం దాకా పోనే పోదు. ఈ తేడా చూసుకోకుండా దేశాల రేట్లు పక్కపక్కన పెట్టే పట్టికలు కనిపిస్తే నమ్మకండి.

మరి దేశాలను పోల్చలేమా? పోల్చవచ్చు, మరణాలతో మొదలుపెట్టాలి. విరిగిన కాలును స్టోర్లో దాచవచ్చు, శవాన్ని దాచడం కష్టం. అమెరికా నిర్మాణరంగంలో 2023లో 1,075 మంది చనిపోయారు. పూర్తికాల కార్మికులు లక్ష మందికి 9.6 చొప్పున. బ్రిటన్‌లో 2023-24లో లక్షకు సుమారు 2.4. నాలుగు రెట్లా? ఇక్కడా కొంచెం ఆగాలి. అమెరికా వాళ్లు పని మీద వెళ్తూ రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్లనూ కలుపుతారు, బ్రిటన్ అంకెలో రోడ్డు ప్రమాదాలు ఉండవు. అమెరికా హారం పని గంటల నుంచి లెక్కగట్టింది, బ్రిటన్‌ది తలల లెక్క. ఇలాంటప్పుడు రెండు చోట్లా ఒకే రకంగా జరిగే దాన్ని ఏరి చూడాలి. అమెరికాలో ఆ 1,075 మందిలో 421 మంది పడిపోయి, జారిపోయి చనిపోయారు. ఆ ఒక్క కారణానికే లక్షకు 3.8 దాకా అవుతుంది. బ్రిటన్‌లో అన్ని కారణాలూ కలిపితే 2.4. కాబట్టి నాలుగు రెట్లన్నది ఖాయం కాకపోయినా తేడా మాత్రం నిజమే. నాకు ఈ పద్ధతి ఇష్టం. మీ రెండు సైట్లకూ ఇదే వాడండి: పైనుంచి పడడం, మీద పడడం, కరెంటు షాకు అంటూ కారణాల వారీగా విడగొట్టండి.

దెబ్బల రేటును మరణాల రేటు పక్కన పెట్టి చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది. యూరప్ గణాంకాల్లో రొమేనియా, బల్గేరియాలలో మామూలు ప్రమాదాల రేటు అన్ని దేశాలకన్నా తక్కువ. మరణాల రేటు చూస్తే మాత్రం ఆ దేశాలు పై వరసలో ఉంటాయి. అక్కడి మనుషులకు దెబ్బలు తగలకుండానే ప్రాణాలు పోతాయా? దెబ్బలు కాగితం మీదికి రావడం లేదు. సైటుకైనా ఇదే గుర్తు. చిన్న దెబ్బలేవీ లేకుండా పెద్ద ప్రమాదం ఒకటే కనిపించిన చోట రిజిస్టరును అనుమానించాలి.

మీ అన్న పనిచేసే దోహా సంగతికి వస్తాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇళ్లల్లో ఇది లెక్కల ప్రశ్న కాదని నాకు తెలుసు. శంషాబాద్‌లో శవపెట్టె కోసం ఎదురుచూసిన ఊళ్లవి.

మూడు అన్నది వరల్డ్ కప్ నిర్వాహకుల అంకె. స్టేడియాలు కట్టిన సైట్లకే పరిమితం, అందులోనూ పని వల్ల జరిగినవని వాళ్లు ఒప్పుకున్న మరణాలే. అవే సైట్ల కార్మికుల్లో మరో 37 మరణాలను "పనితో సంబంధం లేనివి" అని వేరే పెట్టారు. స్టేడియానికి పోయే రోడ్డు, మెట్రో, హోటళ్లు కట్టినవాళ్లు ఆ మూడులో లేరు. 6,500 అన్నది 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక ప్రచురించిన అంకె. భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల నుంచి ఖతార్‌కు పోయినవాళ్లలో పదేళ్లలో ఏ కారణంతోనైనా చనిపోయిన అందరి మొత్తం అది. స్టేడియం కూలీ, డ్రైవరు, దుకాణంలో పనిచేసేవాడు అన్న విభజన అందులో లేదు. రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు, అందుకే అంత ఎడం.

మధ్యలో ఒక మంచి ప్రయత్నం జరిగింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఖతార్ ఆసుపత్రుల రికార్డులు తీసుకుని 2020 ఒక్క ఏడాదికి లెక్క కట్టింది. పని వల్ల 50 మంది చనిపోయారు, 500 మందికి పైగా తీవ్రంగా గాయపడ్డారు, 37,600 మందికి చిన్నా మధ్య రకం దెబ్బలు తగిలాయి. స్టేడియాలే కాకుండా దేశం మొత్తం మీద. నిర్వాహకులది, గార్డియన్‌ది, ఇది, ఈ మూడు లెక్కల్లో నేను ఆనుకునేది దీని మీదే, ఎందుకంటే ఇది యజమాని రిజిస్టరును వదిలేసి ఆసుపత్రి రికార్డును అడిగింది.

ఇందులోనూ ఒక ఖాళీ మిగిలిపోయింది. ఖతార్‌లో పోయిన మనవాళ్లలో చాలామంది కాగితాల మీద "సహజ మరణం", "గుండె ఆగిపోయింది" అని ఉంటుంది. పోస్టుమార్టం లేదు. విమానం ఎక్కకముందు మెడికల్ పరీక్ష పాసైన పాతికేళ్ల, ముప్పై ఏళ్ల మనుషులు వాళ్లు. అలాంటి గుంపులో మరణాలు మామూలు జనంకన్నా తక్కువ ఉండాలి. ఎండలో పదిగంటలు కంబి మోసి, రాత్రి క్యాంపులో నిద్రలో పోయినవాడి చావు పని ప్రమాదాల లవంలోకి రాదు. ఏ గుండె ఎందుకు ఆగిందో అడగనంతకాలం గల్ఫ్ రేట్లను వేరే దేశాలతో పోల్చి తక్కువని చెప్పడానికి వీల్లేదు. ఖతార్ 2021లో ఒక మంచి నిబంధన తెచ్చింది: జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట పని ఉండకూడదు. ఎండ, ఉక్కపోత కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. మీ అన్నకు ఈ గంటలు తెలుసో లేదో ఈసారి ఫోన్లో అడగండి.

మళ్లీ మీ సైట్లు. మీ ఉత్తరంలో ఒక్క విషయం రాయలేదు, ఏ సైటు ఏ దశలో ఉందని. స్లాబులు లేస్తూ, అంచులు తెరిచి ఉండి, లిఫ్ట్ గుంతలు నోళ్లు తెరుచుకుని ఉన్న టవరును, లోపల టైల్స్, పెయింటింగ్ నడుస్తున్న టవరుతో పోల్చడం సరికాదు. మొదటిది స్లాబుల దశలో ఉండి నాలుగు దెబ్బలతో గట్టెక్కిందంటే అది మెచ్చుకోవలసిన సైటే కావచ్చు. ఈ నెల రిపోర్టు నుంచి దశల వారీగా గంటలు విడిగా రాయడం మొదలుపెట్టండి. పోయిన గంటలు ఎలాగూ విడదీయలేం.

తీవ్రత రేటు (పది లక్షల పని గంటలకు దెబ్బల వల్ల పోయిన పని దినాలు) కూడా వేయమంటారేమో. ఐఎస్ 3786లో ఒక మరణాన్ని 6,000 పని దినాల నష్టంగా లెక్కిస్తారు. మీ రెండో సైటులో ఒక్కరు పోతే ఆ రేటు సున్నా నుంచి 12,820కి ఎగురుతుంది. ఇంత చిన్న సైటుకు ఆ రేటుతో పని లేదు, వదిలేయండి.

బహుమతి విషయంలో ఎండీ గారితో గొడవ పడకండి. దెబ్బలు లేనందుకు ఇచ్చే బహుమతి దెబ్బలు చెప్పనందుకు ఇచ్చే బహుమతి అయిపోతుందని నా అనుభవంతో ఖాయంగా చెప్పగలను. నెల చివర మిగతా ముఠా బహుమతి పోతుందని భయపడి కట్టు వేసుకున్నవాడి చేతే హాజరు వేయిస్తుంది. డబ్బులు పెట్టాల్సిందే అనుకుంటే నియర్ మిస్‌లు (దెబ్బ తగలకుండా తప్పిపోయిన ప్రమాదాలు) రాసిన ముఠాకు ఇవ్వమనండి: జారిన పలక, తెగబోయిన తాడు, మూత లేని గుంత. రాసినవాటిలో సైటు ఇంజనీరు వారంలోపు ఎన్ని సరిచేశాడో కూడా పక్కన ఉండాలి. రాయించుకుని ఏమీ చేయకపోతే రెండో నెలకు ఎవరూ రాయరు.

ముందు రెండో సైటు పెట్టీ క్యాష్ ఓచర్లు పన్నెండు నెలలవీ తెప్పించండి. "వైద్య ఖర్చు" అన్న ప్రతి ఓచరు మీద ఉన్న పేరు పట్టుకుని ఆ మేస్త్రీతో ఒంటరిగా మాట్లాడండి. ఎవరి మీదా చర్య ఉండదని ముందే చెప్పి అడగండి, లేకపోతే నోరు విప్పరు. ఆ సున్నా మారితే మారిన అంకెతోనే క్లయింటు ఫారం నింపి పంపండి, కింద సంతకం మీదే ఉంటుంది కదా. మారకపోతే, ఎవరికీ ఏమీ కాని ఏడాది అది, మీతోపాటు నేనూ సంతోషిస్తాను. ఏ సంగతైనా నాకు మళ్లీ రాయండి.